బాతేయా నిట్టూర్పులు

ఎఫిజేనియా లిఫ్టు ఎక్కేది కాదు. మా ప్రయోగశాల నాలుగంతస్తుల మేడ, ఆమె గది పైఅంతస్తులో. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి మెట్లెక్కే వెళ్ళేది. ఎవరైనా అడిగితే, "మా నాన్న ఇరవై ఏళ్ళు గని బోనులో దిగాడు, ఎక్కాడు. మా ఇంటిల్లిపాదికీ అది చాలు" అనేది. ఆయన బంగారు గని కూలీ. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయి నలభై మూడో ఏట పోయాడు.

ఆమె అక్కడ చేరింది గాజుసామాను కడగడానికి. ఆరేళ్ళు కడిగింది. కడుగుతూనే, పక్క బల్ల మీద టిక్కుటిక్కుమంటూ రేడియోధార్మికత కొలిచే కౌంటర్లు ఏం చెబుతున్నాయో చూసి చూసి పట్టేసింది. ఒకరోజు ఒక శాస్త్రవేత్త గోడ బోర్డు మీద వేసిన లెక్కలో సున్నా ఒకటి ఎక్కువైందని, చేతిలో సబ్బునురగతోనే చెప్పిందట. ఆ తర్వాత ఆమెకు తెల్లకోటు ఇచ్చారు. నేను వాళ్ళ జీపు డ్రైవర్ని. పదమూడేళ్ళు ఆమెనీ, ఆమె సీసపు డబ్బానీ మినాస్ రాష్ట్రపు కొండలన్నిటా తిప్పాను.

ఆమె పని వినడానికి వింతగా ఉంటుంది గానీ చేయడం చూస్తే మామూలే. ఇనుప ఖనిజాన్ని నీళ్ళతో కడుగుతారు. ఆ బురదనీళ్ళు ఇల్లంత పెద్ద గుండ్రటి తొట్టిలోకి పోతాయి. మడ్డి అడుగుకు దిగుతుంది, తేట పైనుంచి పొర్లి మళ్ళీ కడగడానికి వెళుతుంది. లోపల ఏం జరుగుతోందో పైనుంచి చూస్తే కనబడదు. అందుకని రేడియోధార్మికత ఉన్న బ్రోమిన్‌ని నీళ్ళలో కలిపి చిన్న సీసాడు తీసుకెళ్ళి తొట్టిలోకి నీళ్ళు వచ్చే చోట పోస్తారు. బయటికి వచ్చే చోటల్లా కౌంటరు పెట్టి కూర్చుంటారు. ఎంత పోశారో అంతా ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలి. ముప్పై అయిదు గంటలకు దాని బలం సగమవుతుంది, ఇంకో ముప్పై అయిదు గంటలకు ఆ సగంలో సగం. వారం పది రోజులు పోతే వెతికినా దొరకదు.

నేను చెప్పేది డెబ్బై తొమ్మిది ఆగస్టు మాట. వానలు లేని కాలం. ఒక కర్మాగారం నుంచి కబురు వచ్చింది, నీళ్ళు తగ్గిపోతున్నాయి, ఎక్కడ తగ్గుతున్నాయో తెలియడం లేదని. దాని పేరు ఇప్పుడు అనవసరం. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఎఫిజేనియా సీసా పోసింది. మంగళవారం పొద్దుటికి లెక్క తేలాలి.

తేలలేదు. నూరు పాళ్ళు పోస్తే డెబ్బై మూడే బయటికి వచ్చాయి.

అక్కడి ఇంజనీరు ఒటావియో, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆమె నోటుపుస్తకం చూసి నవ్వాడు. "మీ మిషను సరిగా లేదేమో చూసుకోండమ్మా."

"చూసుకున్నాను సార్. రెండో మిషనుతో కూడా చూశాను."

"అయితే తొట్టి తాగేసిందంటారా?"

"తొట్టి తాగదు సార్. అడుగు పగిలి ఉండాలి."

"కింద రాయి ఉంది. గట్టి రాయి" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ రోజు పెందలాడే భోజనానికి కూర్చున్నాం. ఎఫిజేనియా పళ్ళెం పక్కకు జరిపి మళ్ళీ లెక్క వేయడం మొదలుపెట్టింది. క్యాంటీనులో వడ్డించే జొవెలీనా చిక్కుడు కూర గరిటెతో వచ్చి తొంగిచూసింది.

"ఏంటమ్మా, అన్నం చల్లారబెట్టుకుని లెక్కలేస్తున్నావు? ఏం పోయింది?"

"నీళ్ళు పోయాయి."

"ఎన్ని పోయాయేంటి?"

"పావు వంతుకి పైనే."

జొవెలీనా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "అయితే మా వంటింటి కింద పనిచేసేది అవేనేమో."

"ఏం పని?"

"రాయి కొడుతున్నారమ్మా. ఈస్టరుకి ముందు ఉపవాసాల నాటి నుంచీ. మా అత్త మునుపటివాళ్ళు అంటుంది. నేను ఎలకలనుకున్నాను. ఎలకలు రాయి కొట్టవు కదా."

మునుపటివాళ్ళంటే ఎవరో నాకూ తెలుసు, ఎఫిజేనియాకూ తెలుసు. రెండువందల ఏళ్ళ కిందట ఆ కొండల కింద బంగారం కోసం తవ్వించిన బానిసలు. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చినవాళ్ళు. ఎఫిజేనియా వాళ్ళూ వాళ్ళ సంతతే, మా అమ్మ వైపు వాళ్ళమూ అంతే. ఆమె నోటుపుస్తకం మూసి, పళ్ళెం దగ్గరికి లాక్కుని, తినడం పూర్తిచేసి, "మీ ఇల్లు చూపిస్తావా?" అని అడిగింది.

జొవెలీనా ఊరి పేరు బాతేయా. కర్మాగారం కొండకు వెనకవైపు పల్లంలో నలభై ఇళ్ళు, ఒక చిన్న చర్చి. జీపు ఆపి దిగగానే ఏదో తేడాగా అనిపించింది గానీ ఏమిటో తెలియడానికి కాస్త సమయం పట్టింది. కోళ్ళన్నీ ఇళ్ళ కప్పుల మీద ఉన్నాయి. నేల మీద ఒక్కటి లేదు. ఎండలో పెంకుల మీద వరసగా కూర్చుని, అరవకుండా మావైపు చూస్తున్నాయి.

"కుక్కలు కూడా కనబడవేంటమ్మా?" అన్నాను.

"అవతలి గట్టున, బడి దగ్గరున్నాయి. అన్నం పెడతామన్నా దిగడం లేదు" అంది జొవెలీనా.

వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. మట్టినేల, ఎర్రగా అలికి శుభ్రంగా ఉంది. మొదట పొయ్యిలో కట్టెల చిటపట తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత అరికాళ్ళకు తెలిసింది. టక్. కాస్త ఆగి, టక్ టక్. గోడకు కొక్కేలకు తగిలించిన కాఫీ కప్పులు ఒకదానికొకటి సన్నగా తాకుతున్నాయి. ఎవరో కింద తీరిగ్గా, రోజంతా చేయాల్సిన పని ఉన్నవాడిలా, సుత్తితో కొడుతున్నారు.

మూలన ముసలాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. బెల్మిరో తాత, జొవెలీనాకు వరసకు మామ. రోజరీ మాత సంఘానికి పెద్ద, ఏటా ఆ తల్లి ఊరేగింపులో ముందు డప్పు ఆయనదే. ఎనభై దాటాయి.

"భయపడకమ్మా. భోజనాల వేళయింది. ఇప్పుడు ఆపేస్తారు చూడు" అన్నాడు.

మరో రెండు నిమిషాలకు చప్పుడు ఆగిపోయింది. కప్పులు నిశ్శబ్దమయ్యాయి. ఎఫిజేనియా గడియారం చూసుకుంది. పన్నెండు.

"ఒంటిగంటకి మళ్ళీ మొదలెడతారు. మంచి కూలీలు. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు" అన్నాడు తాత.

ఆమె ఆ గంటసేపూ అక్కడే కూర్చుంది. జొవెలీనా ఇచ్చిన కాఫీ తాగింది. ఒంటిగంటకు అరికాళ్ళ కింద టక్ మంది. ఎఫిజేనియా మళ్ళీ గడియారం చూసుకుంది. నన్ను బయటికి పిలిచింది.

"నివాల్దో, కర్మాగారంలో తొట్టికి నీళ్ళు తోసే బురద పంపుని రోజూ గ్రీజు పెట్టడానికి ఆపుతారు. ఎప్పుడో తెలుసా?"

"పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. నిన్న ఆ నిశ్శబ్దంలోనే గదా నేను కునుకు తీశాను."

"అదే. కింద కొడుతున్నది ఆ నీళ్ళే. నీళ్ళలో దొర్లే రాళ్ళు."

దయ్యాలు కాదని తెలిస్తే మనసు కుదుటపడాలి. నాకు మాత్రం కాళ్ళ కింది నేల మీద నమ్మకం అప్పుడు పోయింది.

బాతేయాలో కొన్ని ఇళ్ళ పెరళ్ళలో పలకరాతి మూతతో ఒక కన్నం ఉంటుంది. ఆనాడు కింద తవ్వేవాళ్ళకు గాలి ఆడడానికి పెట్టినవి. వాటిని నిట్టూర్పులంటారు. పిల్లలు పడకుండా మూతలు వేసి, మీద కట్టెలు పేర్చుకుని, అవి ఉన్నాయన్న సంగతే మరిచిపోయి బతుకుతున్నారు. జొవెలీనా పెరట్లో కట్టెలు తీసి నేను పలక జరిపాను. లోపలి నుంచి తడిగాలి ముఖానికి కొట్టింది. ఖనిజం తేర్చడానికి కర్మాగారంలో కలిపే నూనె వాసన. కొండ అవతల ఉండాల్సిన వాసన.

ఎఫిజేనియా కౌంటరు గొట్టాన్ని తాడుకు, తీగకు కట్టి మెల్లగా దించింది. మీటరు, రెండు, అయిదు. ఎక్కడైనా ఉండే మామూలు చిటుకులే, నిమిషానికి ఇరవయ్యో ముప్పయ్యో. తొమ్మిదో మీటరు దగ్గర రేకు కప్పు మీద వాన పడ్డట్టు మోత మొదలైంది. సోమవారం పొద్దున కొండ అవతల ఆమె తన చేత్తో పోసిన సీసా, మంగళవారం మధ్యాహ్నం ఒకరి వంటింటి వెనక, నేల కింద చిటపటలాడుతోంది.

"ఇది ఒంటికి ప్రమాదమా అమ్మా?" అంది జొవెలీనా.

"ఇది కాదు. ఇంకో వారానికి ఇది ఉండదు" అంది ఎఫిజేనియా.

ఆ రోజు చీకటిపడేదాకా, మర్నాడు బుధవారం తెల్లారి నుంచీ నిట్టూర్పు తర్వాత నిట్టూర్పు తెరిచాం. మోత వినిపించిన కన్నానికీ తర్వాతి కన్నానికీ మధ్య నేల మీద ఆమె సున్నంతో గీత గీసింది. ఇళ్ళవాళ్ళకు తెలిసిన కన్నాలు తొమ్మిదే. తొమ్మిదో దాని దగ్గర గీత ఆగిపోయింది. అప్పటిదాకా కర్ర పట్టుకుని వెనక నడుస్తున్న బెల్మిరో తాత ముందుకు వచ్చాడు. ఒకరి కూరమడి దాటి, కోళ్ళగూడు చుట్టూ తిరిగి, ఎండిపోయిన గడ్డిలో నిలబడి కర్రతో నేల పొడిచాడు.

"ఇక్కడ తవ్వు."

జానెడు తవ్వగానే పార పలకకు తగిలింది. మూత తీస్తే మళ్ళీ అదే వాసన, అదే మోత.

"నీకెలా తెలుసు తాతా?"

"తెలియదు. ఊరేగింపు ఇక్కడ ఆగుతుంది. మా తాత ఆగాడు, మా నాన్న ఆగాడు, నేనూ ఆగుతాను. ఎందుకని ఎవర్నీ అడగలేదు."

బాతేయా ఊరేగింపు రోడ్డు మీద తిన్నగా నడవదని ఆ చుట్టుపక్కల ఎప్పుడూ వెక్కిరింతే. తాగి నడుస్తున్నారని నవ్వేవాళ్ళు. పెరళ్ళలోంచి, గోడల సందుల్లోంచి, ఒకచోట ఒకరి పడకగది లోంచి కూడా వెళ్ళేది. ఆ రోజు తాత ముందు నడిచాడు, కౌంటరు వెనక నడిచింది. ఆయన తిరిగిన ప్రతి చోటా గీత తిరిగింది. ఆయన ఆగిన ప్రతి చోటా కింద మోత ఉంది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే పని వదిలి వచ్చి మా వెంట నడిచారు. ఎవరో ఆడమనిషి నోట్లోనే జపం మొదలుపెట్టింది.

గీత చివరికి చర్చి వెనక్కి వచ్చింది. అక్కడ తాత టోపీ తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇక్కడ మునుపటివాళ్ళు పందొమ్మిది మంది. పైకప్పు కూలింది. తీయనివ్వలేదట. ఒక రోజు పని పోతుందని పక్కనుంచి ఇంకో దారి తవ్వించారట" అన్నాడు.

అక్కడి కన్నం మిగతా వాటికంటే వెడల్పు. కౌంటరు దించుతూ ఎఫిజేనియా చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. తాడు రెండు చేతులతో పట్టుకుని, తల పక్కకు వంచి. "ఏంటక్కా?" అని నేనంటే తల ఊపి రాసుకుంది. అంకె మిగతా అన్నిటికంటే నాలుగింతలు.

ఆ తర్వాత ఊరి కింద వాగు పొడుగునా నడిచాం. పాత సొరంగాల నోళ్ళు రెండున్నాయి, మట్టితో పూడిపోయి. ఒక్క చుక్క తడి లేదు. వాగునీళ్ళలో గొట్టం ముంచితే మామూలు చిటుకులే. ఎఫిజేనియా రాయి మీద కూలబడింది.

"ఆరు నెలలుగా లోపలికి పోతోంది నివాల్దో. ఎక్కడా బయటికి రావడం లేదు."

సాయంత్రం ఒటావియో గదిలో ఆమె నోటుపుస్తకం తెరిచి పెట్టింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పంపు ఆపాలి సార్. ఈ రాత్రికే."

"ఆపితే రోజుకి ఎంత నష్టమో మీకు తెలుసా?"

"తెలియదు సార్. కింద ఎంత నీరుందో తెలుసు."

"మీరు టెక్నీషియన్. సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ళని పంపించమనండి. వచ్చే వారం మళ్ళీ కొలుద్దాం."

"వచ్చే వారానికి కొలవడానికి బ్రోమిన్ ఉండదు సార్."

"అప్పుడు ఇంకో సీసా తెండి." ఆయన గొంతు పెంచలేదు. చెడ్డవాడని కూడా అనలేను. రాయి గట్టిదని పటంలో రాసి ఉంది, ఆయన పటాన్ని నమ్మాడు.

ప్రయోగశాలకు ఫోను చేస్తే మా పెద్దాయన ఊళ్ళో లేరన్నారు. గురువారం పొద్దున ఎఫిజేనియా బాతేయా చర్చి ముందు నిలబడి, ఉన్న సంగతి చెప్పింది. కింద నీళ్ళు నిండుతున్నాయని, అవతలి గట్టు మీది బడికి వెళ్ళిపొమ్మని. ఆమెకు ఉపన్యాసం చేతకాదు. అంకెలు చెప్పింది. జనం విన్నారు. ఎవరూ కదల్లేదు.

"బిడ్డల్ని, పందుల్ని, పొయ్యిని ఎత్తుకుని ఎక్కడికెళ్ళమంటావమ్మా? కంపెనీ చెప్పిందా?" అన్నాడు ఒకాయన.

"లేదు."

"మరి?"

అప్పుడు చర్చి లోపల డప్పు మోగింది. ఊరేగింపు అక్టోబరులో. ఇది ఆగస్టు. బెల్మిరో తాత డప్పు మెడకు తగిలించుకుని గుమ్మంలోకి వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు రోజరీ మాత విగ్రహాన్ని మోస్తున్నారు. మొదటిసారిగా బాతేయా ఊరేగింపు తిన్నగా, రోడ్డు మీద, ఎక్కడా ఆగకుండా నడిచింది. విగ్రహం ఊరు దాటిపోతుంటే ఇంట్లో కూర్చునే మనిషి అక్కడ లేడు. చేతికందింది పట్టుకుని వెంట నడిచారు. చీకటిపడే వేళకు నలభై ఇళ్ళూ ఖాళీ. కోళ్ళు మాత్రం కప్పుల మీద మిగిలాయి.

శుక్రవారం పొద్దున పదిగంటల ప్రాంతంలో ఎఫిజేనియా, నేను, తాత, జొవెలీనా ఊరి మొదట్లో ఉన్నాం. జొవెలీనా మంచి చీపురొకటి మరిచిపోయానని వెళ్ళబోతోంది, ఎఫిజేనియా ఆమె చెయ్యి వదలడం లేదు. చప్పుడు అక్కడిదాకా వినిపిస్తోంది, టక్, టక్ టక్. ఉన్నట్టుండి ఆగింది.

"ఇంకా పన్నెండు కాలేదే" అన్నాడు తాత.

కొండ అవతల పంపు తిరుగుతూనే ఉంది. ఆ హోరు స్పష్టంగా వినబడుతోంది. ఎఫిజేనియా నా వైపు తిరిగి చాలా మెల్లగా, "నిండిపోయింది. పైకి పదండి" అంది.

మేం బడి మెట్ల దాకా చేరాం. కూలిపోవడమంటే పెద్ద చప్పుడు ఉంటుందనుకుంటాం. అలాంటిదేమీ లేదు. ముందు కోళ్ళన్నీ ఒకేసారి లేచాయి. తర్వాత చర్చి కాస్త కిందికి దిగింది, అలిసిన మనిషి కూర్చున్నట్టు. గంట ఒక్కసారి మోగింది. చర్చి చుట్టూ నేల పొంగు తగ్గిన పిండిలా లోపలికి పోయింది. ఆ తర్వాత సున్నపు గీత వెంబడి, ఆమె గీసిన వంకరలన్నీ పోకుండా, ఇల్లు తర్వాత ఇల్లు. జొవెలీనా వంటిల్లు అయిదోది. పెంకులు రాలుతున్న చప్పుడు, ఎర్రటి దుమ్ము, అంతే. బడి ఆవరణలో నూటా అరవై మంది నిలబడి చూస్తున్నారు. పదిహేడు ఇళ్ళు పోయాయి. మనిషి ఒక్కరు పోలేదు.

వాగు ఒడ్డున పూడిపోయిన సొరంగం నోళ్ళలో ఒకటి ఆ మధ్యాహ్నం తెరుచుకుని రెండు రోజులు ఎర్రబురద కక్కింది. బురద తగ్గాక గోతి పక్కల్లో సొరంగాలు తెరిచి కనబడ్డాయి. గోడల మీద పలుగు గాట్లు నిన్న కొట్టినట్టున్నాయి. దీపం పెట్టుకునే చిన్న గూళ్ళు, వాటి మీద మసి. బురదలో బంగారం జల్లించే చెక్కపళ్ళేలు, ఇనుప మేకులు, ఎముకలు వచ్చాయి. తాత వాటన్నిటినీ బడిగదిలో తెల్లగుడ్డ పరిచి పెట్టించాడు. తర్వాత పాదిరీ గారిని పిలిపించి ఎముకల్ని పాతిపెట్టారు. అవి ఎంతమందివో తేల్చడానికి ఎవరూ ప్రయత్నించలేదు.

సోమవారం ప్రయోగశాలకు కర్మాగారం నుంచి ఉత్తరం వచ్చింది. మీ టెక్నీషియన్ అధికారం లేకుండా ఊరిని భయపెట్టిందని ఫిర్యాదు. నేల కుంగకముందు, గురువారం తేదీ వేసి ఉంది. అందరూ చదివారు, ఎవరూ నవ్వలేదు. అయినా ఆమెను కొంతకాలం బయటి పనులకు పంపవద్దన్నారు. ఆ కొంతకాలం పదకొండేళ్ళయింది. కింది అంతస్తులో సిబ్బంది కోట్లకు పెట్టుకునే బ్యాడ్జీలు ఎంత రేడియోధార్మికత పట్టాయో చదివే పని ఇచ్చారు. బాతేయా కొలతలు ఉజ్జాయింపువి మాత్రమేనని కాగితం మీద సంతకం చేస్తే పాత పని ఇస్తామని ఒకసారి అన్నారు. ఆమె కాగితం చదివి, మడిచి, తిరిగి ఇచ్చేసింది. ఒటావియోని ఉత్తరాన ఎక్కడికో బదిలీ చేశారు. బాతేయావాళ్ళకు నాలుగేళ్ళ తర్వాత పెద్దరోడ్డు పక్కన చదును నేల మీద ఇళ్ళు కట్టించారు. తాత అవి చూడకుండానే పోయాడు.

జొవెలీనా ఆ రోడ్డు మీద పూటకూళ్ళు పెట్టింది. నేను ఆ దారిన పోతే ఎఫిజేనియాను సెలవు రోజున ఎక్కించుకునేవాణ్ణి. తొంభైలో, ఆమె పదవీ విరమణ చేసే ముందటి ఏడాది, మొక్కజొన్న సంకటి, ఆకుకూర, వేయించిన పంది తునకలు పెట్టుకుని తింటున్నాం. జొవెలీనా కూడా వచ్చి కూర్చుంది. నేనే అడిగాను.

"అక్కా, ఆ బుధవారం చర్చి వెనక అంతసేపు ఎందుకలా ఉండిపోయావు? ఇన్నేళ్ళలో అడగలేదు."

ఆమె నమిలి మింగింది. "తాడు దించుతుంటే ఒకచోట వదులైంది. అడుగు తగిలిందనుకున్నాను. తర్వాత బరువు తగ్గింది. కిందనుంచి ఎవరో గొట్టాన్ని చేతిలోకి తీసుకుంటే తగ్గుతుంది చూడు, అలా. అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత మెల్లగా వదిలారు. తాడు తెగకుండా."

జొవెలీనా శిలువ గుర్తు వేసుకుంది.

"నీటి వడి అయి ఉంటుందక్కా" అన్నాను.

"అయి ఉంటుంది" అంది ఎఫిజేనియా. "పుస్తకంలో నీటి వడి అనే రాశాను." ఆకుకూర ఇంకాస్త వడ్డించమని పళ్ళెం జొవెలీనా ముందుకు జరిపింది.